అమెరికా వెళ్లే తల్లిదండ్రులకు గడ్డి, ఊబి, ఇసుక కూడా చూపించండి

సంపాదకులకు నమస్కారములు.

ఏటా మార్చి, ఏప్రిల్ నెలలు వచ్చేసరికి మన రెండు రాష్ట్రాల నుంచి ఎంతోమంది తల్లిదండ్రులు అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి ప్రయాణమవుతారు. ఆరు నెలలు ఉంటారు, మనుమలను ఆడిస్తారు, నయాగరా జలపాతమూ న్యూయార్క్‌లోని స్వేచ్ఛా విగ్రహమూ చూస్తారు, కారు వెళ్లగలిగిన దూరంలో ఉన్న గుళ్లన్నీ దర్శించుకుంటారు. మిగిలిన రోజులన్నీ కిటికీ దగ్గర కుర్చీలో గడిచిపోతాయి. వారికి అక్కడ కారు నడపడం రాదు, పిల్లలకు శని, ఆదివారాలు తప్ప తీరిక ఉండదు, వీధిలో నడిస్తే పలకరించే మనిషి కనిపించడు. నిరుడు నేనూ నా భార్యా షికాగో పడమటి శివారులో ఉంటున్న మా అమ్మాయి ఇంటికి వెళ్లి మొదటి రెండు నెలలూ సరిగ్గా ఇలాగే గడిపాము. ఆ తరువాత వేర్వేరు నెలల్లో మూడు రోజులు, తెలిసిన మనిషి వెంట నడుస్తూ అక్కడి ఊబి నేలను, ఇసుక దిబ్బలను, ప్రెయిరీ అనే గడ్డిమైదానాన్ని చూశాము. అటువంటి ఒక్కరోజు ప్రకృతి యాత్రలను షికాగో ప్రాంతపు తెలుగు సంఘాలు మన పెద్దవారి కోసం ప్రత్యేకంగా ఏర్పాటు చేయాలని కోరుతూ ఈ ఉత్తరం రాస్తున్నాను.

మొదట మా పొరపాటు చెప్పాలి. వెళ్లిన కొత్తలో, ఏప్రిల్‌లో ఒక ఆదివారం, మా అల్లుడు ఎంతో శ్రద్ధగా మమ్మల్ని మిడేవిన్ అనే గడ్డిమైదానానికి తీసుకువెళ్లాడు. నేను ముప్పై ఏళ్లకు పైగా వృక్షశాస్త్రం చెప్పిన వాడిని కనుక నాకు సంతోషంగా ఉంటుందని అతని ఆలోచన. తీరా వెళ్లి చూస్తే, కనుచూపు మేర నేలంతా కాలిపోయి నల్లగా ఉంది. ఏదో అగ్నిప్రమాదం జరిగిందని అనుకున్నాము. అడుగుదామంటే ఆ బాటలో మనిషి లేడు. "చెరకు కొట్టేశాక తగలబెట్టిన మడిలా ఉంది, దీనికోసమా గంటసేపు కారులో కూర్చున్నాం" అని నా భార్య అన్నది. అల్లుడు చిన్నబోయాడు. దారిలో అరోరా బాలాజీ గుడిలో దర్శనం చేసుకుని, ప్రసాదం తిని, ఆ రోజు దండగ కాలేదని అనిపించుకుని ఇంటికి చేరాము. అదే నేలను సెప్టెంబరులో మళ్లీ చూసినప్పుడు, ఆ మంట ప్రమాదం కాదనీ, పనిగట్టుకుని పెట్టినదనీ, అది పెట్టకపోతే ఆ మైదానమే ఉండదనీ తెలిసింది. అది తరువాత చెబుతాను.

జూన్ చివర మేము వెళ్లిన చోటు షికాగోకు వాయవ్యంగా ఉన్న వోలో బాగ్ అనే ఊబి నేల. వేల ఏళ్ల క్రితం మంచు పలకలు వెనక్కి తగ్గినప్పుడు విడిగా మిగిలిపోయిన ఒక మంచు దిమ్మె కరిగి గుంట అయింది, గుంట చెరువైంది, ఆ చెరువు మీద స్ఫాగ్నం అనే నాచు అంచుల నుంచి లోపలికి చాపలా అల్లుకుంటూ వచ్చింది. ఇప్పుడు నడిమధ్యన కొద్దిపాటి నీటి కన్ను మాత్రమే మిగిలింది. చుట్టూ నేలలా కనిపించేదంతా నీటి మీద తేలే చాప. దానిమీదుగా వేసిన అరమైలు బాటలో కొంత భాగం తేలే చెక్కలతో కట్టినది కావడంతో అడుగు వేసినప్పుడల్లా కొద్దిగా కుంగి లేస్తుంది. నా భార్య నా చేయి వదల్లేదు. నాకు మాత్రం కాళ్ల కింద ఏముందో పట్టలేదు, ఎందుకంటే బాట పక్కనే, చేయి చాస్తే అందేంత దగ్గరలో, కూజాలాంటి ఆకులతో పురుగులను పట్టి తినే కీటకాహార మొక్క కనిపించింది. ఏటేటా నల్లబల్ల మీద సుద్దముక్కతో కూజా బొమ్మ గీసి, బాణం గుర్తులు పెట్టి, పిల్లల చేత వల్లె వేయించిన నేను, అరవై మూడో ఏట మొదటిసారి ఆ కూజాలోకి తొంగి చూశాను. ఎర్రటి ఈనెలు తేలిన ఆకు కూజాలో సగం వరకు వాన నీరు, అందులో రెండు చచ్చిన ఈగలు, వాటి నడుమ బతికే ఉండి మెలికలు తిరుగుతున్న ఒక సన్నటి పురుగు. ఆ పురుగు ఈ కూజా నీటిలో తప్ప మరెక్కడా పెరగని ఒక దోమ పిల్ల అని మా వెంట వచ్చిన వాలంటీరు చెప్పాడు. ఈగను అరిగించుకునే కూజా దోమను పోషిస్తోంది. నా పాఠంలో ఈ ముక్క ఎన్నడూ లేదు.

అక్కడ సందర్శకుల కేంద్రం ఒక పాత పాడిపశువుల కొట్టంలో ఉంది. మనవైపు అటువంటి కొట్టం దొరికితే కూలగొట్టి గ్రానైటు పరిచిన కార్యాలయం కట్టేవారేమో. సరే, అది పక్కన పెడదాం.

జులైలో చూసిన ఇసుక దిబ్బల గురించి కొంచెం ఎక్కువగా రాయాలి, ఎందుకంటే తెలిసిన మనిషి వెంట వెళ్లడం అక్కడి ఒక దిబ్బ మీద సరదా కాదు, నిబంధన. మిషిగన్ సరస్సు దక్షిణపు ఒడ్డున, ఉక్కు కర్మాగారాల నడుమ చిక్కుకున్నట్టు, పదిహేను మైళ్ల తీరం వెంట ఇండియానా డ్యూన్స్ ఉద్యానం ఉంది. 1966లో దానికి జాతీయ రక్షణ లభించింది, 2019 ఫిబ్రవరిలో జాతీయ ఉద్యానం హోదా వచ్చింది. సుమారు పదిహేను వేల ఎకరాల ఆ చోట వెయ్యికి పైగా జాతుల మొక్కలు ఉన్నాయి. అందులో తూర్పు కొసన ఉన్న మౌంట్ బాల్డీ అనే దిబ్బ 126 అడుగుల ఎత్తు. అది ఏటా నాలుగడుగుల చొప్పున సరస్సు వైపు నుంచి లోపలికి నడుస్తూ, దారిలో ఉన్న ఓక్ చెట్లను నిలువునా పూడ్చేస్తోంది. 2013 జులైలో ఆరేళ్ల పిల్లవాడు ఆ దిబ్బ మీద ఆడుకుంటూ ఉన్నట్టుండి ఇసుకలోకి దిగబడిపోయాడు. మూడు గంటలకు పైగా తవ్వి అతన్ని ప్రాణాలతో బయటికి తీశారు. ఇసుకలో సహజంగా బొరియ నిలవదు కదా, మరి అది ఎలా ఏర్పడిందని శాస్త్రవేత్తలు పరిశోధిస్తే, ఎన్నో ఏళ్ల కిందట పూడిపోయిన చెట్ల మానులు లోపల కుళ్లిపోయి, చుట్టూ ఇసుక గట్టిపడి, నిలువు గొట్టాల్లాంటి ఖాళీలు మిగిలాయని తేలింది. అప్పటి నుంచి రేంజర్ వెంట ఉంటే తప్ప ఎవరినీ ఆ దిబ్బ ఎక్కనివ్వరు.

మా బృందంలో పదిహేను మంది వరకు ఉన్నాము. రేంజర్ ఒక యువతి. దిబ్బ మొదట్లోనే ఆమె మోకాళ్ల మీద కూర్చుని, ఇసుకలో ఒంటరిగా నిలబడిన ఒక గడ్డి దుబ్బు చుట్టూ వేలితో మెల్లగా ఇసుక తోసి, లోపల అడ్డంగా పాకుతున్న తాడులాంటి కాండాన్ని చూపించింది. మారమ్ గడ్డి అంటారట. ఇసుక మీద పడి పూడ్చేకొద్దీ అది పైకి పెరుగుతుంది, పెరిగేకొద్దీ మరింత ఇసుకను పట్టి నిలుపుతుంది; గాలికీ పూడికకూ బెదరని ఆ గడ్డి మనిషి కాలి తొక్కుడుకు మాత్రం చచ్చిపోతుంది. ఏళ్ల తరబడి జనం ఇష్టం వచ్చిన చోట ఎక్కి దిగడం వల్లనే బాల్డీ బోడిగుండు అయి, నడక మొదలుపెట్టిందని ఆమె చెప్పినప్పుడు నాకు మా నెల్లూరు దగ్గరి మైపాడు తీరం గుర్తుకు వచ్చింది. చిన్నప్పుడు మేము గాలికి దొర్లిపోయే రావణాసురుడి మీసాల వెంట ఇసుకలో పరుగెత్తేవాళ్లం. ఆ ముళ్ల బంతులు ఏ గడ్డివో, ఆ గడ్డి అక్కడ ఏ పని చేస్తున్నదో, వృక్షశాస్త్రంలో పట్టా పుచ్చుకున్నాక కూడా నేను ఒక్కసారైనా ఇసుక తోసి చూడలేదు.

ఒడ్డు నుంచి లోపలికి నడిచేకొద్దీ మొదట గడ్డి, తరువాత కాటన్‌వుడ్ చెట్లు, పైన్ చెట్లు, ఆపైన ఓక్ అడవి వస్తాయి. ఒడ్డుకు దగ్గరగా ఉన్న దిబ్బ కొత్తది, లోపలిది పాతది కనుక ఆ నడక వేల సంవత్సరాల కాలంలోకి నడిచినట్టే. షికాగో విశ్వవిద్యాలయంలో పనిచేసిన హెన్రీ చాండ్లర్ కౌల్స్ ఈ దిబ్బల మీద తిరిగి తిరిగి 1899లో ప్రచురించిన పరిశోధనే, ఒక చోట ఒక రకం మొక్కల తరువాత మరో రకం ఎలా వస్తాయో చెప్పే, మనం ఇంటర్మీడియట్‌లో చదివే అనుక్రమం పాఠానికి పునాదుల్లో ఒకటి. 1913లో ఐరోపా నుంచి వచ్చిన వృక్షశాస్త్రవేత్తలకు ఈ దిబ్బలను చూపించిన వారిలోనూ ఆయన ఉన్నారు. షికాగో పౌరులు 1908లో శనివారం మధ్యాహ్నపు నడకలు మొదలుపెట్టారు, ఆ నడకల్లో నుంచే ప్రెయిరీ క్లబ్ పుట్టింది, దిబ్బలను కాపాడాలన్న ఉద్యమానికి ఆ నడిచిన మనుషులే గొంతు అయ్యారు. అంటే తెలిసినవారి వెంట నలుగురు కలిసి నడవడం అక్కడ నూరేళ్లు దాటిన అలవాటు, ఇప్పటి పర్యాటక శాఖ కనిపెట్టిన వినోదం కాదు.

ఆ ఉద్యమానికి ఒక దిబ్బ మాత్రం అందకుండా పోయింది. మిషిగన్ సిటీ దగ్గర హూజియర్ స్లైడ్ అనే దిబ్బ దాదాపు రెండు వందల అడుగుల ఎత్తు ఉండేది. గాజు పరిశ్రమకు ఆ ఇసుక బాగుందని రైలు పెట్టెలకు ఎత్తి తరలించారు. పండ్లు నిలవ చేసుకునే సీసాలు తయారయ్యాయి. 1920 నాటికి దిబ్బ నేలమట్టమైంది. ఇప్పుడు ఆ స్థలంలో విద్యుత్ కేంద్రం ఉంది. కొండంత ఇసుక ఊరగాయ సీసాలైపోయిందని నేను నా భార్యకు తెలుగులో చెబితే, ఇంటికి వచ్చాక ఆమె మాగాయ సీసాను చేతిలోకి తీసుకుని కాసేపు అటూ ఇటూ తిప్పి చూసింది.

ఆగస్టులో మాకు ఒక చేదు అనుభవం కూడా కలిగింది. ఒక ప్రైవేటు యాత్రా సంస్థ ఒకే రోజున గడ్డిమైదానం, చిత్తడి నేల, సరస్సు తీరం మూడూ చూపిస్తామంటే మనిషికి ఇంత అని కట్టి వెళ్లాము. బస్సు దిగడం, ఫొటో తీసుకోవడం, ఎక్కడం, అంతే. చిత్తడి నేల దగ్గర ఇచ్చిన ఇరవై ఐదు నిమిషాల్లో మరుగుదొడ్డి వరుసకే పదిహేను పోయాయి. గైడ్ అనే యువకుడికి ఒక్క మొక్క పేరు తెలియదు. నేను ఒకటి అడిగితే ఫోన్ తీసి వెతికాడు. అందుకే చెబుతున్నాను, ఒక రోజుకు ఒక్క చోటే చాలు, అక్కడే ఏళ్లుగా పనిచేస్తున్న మనిషి వెంట ఉండాలి.

అటువంటి మనిషి సెప్టెంబరులో మిడేవిన్‌లో మాకు దొరికాడు. డెబ్బై దాటిన వాలంటీరు, ఒకప్పుడు చుట్టుపక్కల పొలాల్లోనే పెరిగిన రైతుబిడ్డ. ఇలినాయిని ప్రెయిరీ రాష్ట్రం అంటారు. ఒకప్పుడు అక్కడ సుమారు 2 కోట్ల 20 లక్షల ఎకరాల గడ్డిమైదానం ఉండేది. 1837లో జాన్ డీర్ ఆ రాష్ట్రంలోనే తయారుచేసిన ఉక్కు నాగలి వేళ్లతో బిగుసుకున్న ఆ నేలను చీల్చింది. ఆ తరువాత మొక్కజొన్న, సోయా. ఈనాడు చెక్కుచెదరకుండా మిగిలిన మేలైన మైదానం రెండు మూడు వేల ఎకరాలకు మించదు; అదీ పాత శ్మశానాల్లో, రైలు కట్టల పక్కన, నాగలి పోని మూలల్లో. మిడేవిన్ కూడా అసలు మైదానం కాదని ఆయన దాచకుండా చెప్పాడు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అక్కడ టీఎన్‌టీ అనే పేలుడు పదార్థం, ఫిరంగి గుండ్లు తయారుచేసే సైనిక కర్మాగారం ఉండేది. 1942 జూన్‌లో జరిగిన పేలుడులో 48 మంది కార్మికులు చనిపోయారు. కర్మాగారం మూతపడ్డాక 1996లో చేసిన చట్టంతో ఆ భూమిని అటవీ శాఖకు అప్పగించి, విత్తనం విత్తనంగా ఏరి తెచ్చి, నారు పోసి, మైదానాన్ని మళ్లీ పెంచుతున్నారు. మందుగుండు దాచిన కాంక్రీటు కొట్టాలు మట్టి కప్పుకుని, గడ్డి మొలిచి, గుట్టల్లా ఇంకా నిలిచే ఉన్నాయి. ఒకదాని ఇనుప తలుపు తీసి ఆయన మమ్మల్ని లోపలికి పంపాడు. చీకట్లో నా భార్య అలవాటుగా "గోవిందా" అన్నది. ఆ గోపురంలాంటి కొట్టం ఆ పేరును ఎంతసేపు తిప్పి తిప్పి పలికిందంటే, వెంట ఉన్న అమెరికన్లు ఆ మాట ఏమిటని అడిగి తెలుసుకుని వారూ అన్నారు.

ఏప్రిల్‌లో బొగ్గులా ఉన్న నేల సెప్టెంబరుకు నా తలను మించి పెరిగింది. ఆయన ఒక గడ్డి వెన్నును వంచి, అది కోడి పాదంలా మూడు పాయలుగా చీలడం చూపించాడు. బిగ్ బ్లూస్టెమ్. ఇది మన జొన్నకు, చెరకుకు, వట్టివేరుకు దాయాది అని నేను చెబితే ఆయన జేబులోని పుస్తకంలో రాసుకున్నాడు. పైన ఆరేడు అడుగులు కనిపించే ఆ గడ్డికి కింద వేళ్లు పదడుగుల దాకా దిగుతాయి. మొలకెత్తే కణుపులు మట్టిలోనే ఉంటాయి కనుక మంట పైపైన పోయినా గడ్డికి నష్టం లేదు. ఆ వేళ్ల బలం లేని పొదలు, లేత చెట్లు మాడిపోతాయి, నల్లబడిన నేల ఎండకు తొందరగా వేడెక్కి మొలకలు ముందే లేస్తాయి. ఐరోపా వారు రాకముందు అక్కడి ఆదివాసులు కూడా ఈ నేలను కాల్చేవారు. అల్లుడి ముఖం అప్పుడు చూడాలి. ఏప్రిల్‌లో తాను చూపించినది తప్పుడు చోటు కాదని అయిదు నెలల తరువాత రుజువైంది.

మరొక మొక్కకు కంపాస్ ప్లాంట్ అని పేరు. పొద్దుతిరుగుడు కుటుంబానిది. ఎండ తాకిడి తగ్గించుకోవడానికి తన పెద్ద ఆకుల అంచులను ఉత్తర దక్షిణాలకు, ముఖాలను తూర్పు పడమరలకు తిప్పి నిలబెడుతుంది. "అయితే వాస్తు చూసుకుని పెరుగుతుందన్నమాట" అని నా భార్య అన్నది. దాన్ని ఇంగ్లీషులోకి మార్చడానికి మా అమ్మాయికి చాలాసేపు పట్టింది. 2015లో అక్కడికి తెచ్చిన అడవిదున్నల వంటి బైసన్‌లు కూడా ఉన్నాయి గాని, మాకు దూరాన కదిలే నల్లని చుక్కలుగానే కనిపించాయి.

ఆ నవ్వులాటలోనే అసలు ఇబ్బంది ఉంది. మా అమ్మాయి వెంట లేకపోతే నా భార్యకు ఆ రోజు సగం కూడా అందేది కాదు. అక్కడి గైడ్లు ఓపిక గలవారే, కాని వారి ఇంగ్లీషు మన పెద్దవారికి చెవిన పడేలోపే దాటిపోతుంది. బాల్డీ మీద ఇసుకలో కాలు కూరుకుపోయి నా భార్య సగంలో కూర్చుండిపోతే రేంజర్ ఆగింది. బృందం మొత్తం ఎండలో మా కోసం నిలబడవలసి వచ్చింది, ఆ మొగమాటం మాకు మిగిలింది. అందరూ మన వయసు వారే ఉన్న బృందమైతే ఈ బాధ ఉండదు. అక్కడి తెలుగు సంఘాలు ఉగాదికి, బతుకమ్మకు, దీపావళికి పెద్ద హాళ్లు అద్దెకు తీసుకుని వందలమందిని చేర్చగలుగుతున్నాయి. ఏడాదికి మూడు శనివారాలు, ముప్పై మంది పెద్దవారికి ఒక బస్సు వారికి భారం కాదు. ముందుగా రాసి కోరితే ఈ మూడు చోట్లా బృందాల వెంట నడిచే మనుషులున్నారు. మిడేవిన్‌లో, వోలో బాగ్‌లో ప్రవేశ రుసుము లేదు. డ్యూన్స్‌లో 2022 నుంచి ఉంది. బస్సు వద్దనుకుంటే షికాగో నడిబొడ్డు నుంచి డ్యూన్ పార్క్ స్టేషను దాకా సౌత్ షోర్ కరెంటు రైలు ఉంది. అక్కడే పుట్టి పెరిగిన హైస్కూలు పిల్లలను ఇద్దరు ముగ్గురిని దుబాసీలుగా వెంట పంపితే, వారికి సేవా గంటలు జమ అవుతాయి, తాతలకు మాట అందుతుంది, తెలుగులో బ్లూస్టెమ్‌ను ఏమనాలో తెలియక ఆ పిల్లలే తాతను అడుగుతారు.

తిరిగి వచ్చాక ఒక సంగతి నన్ను వదలడం లేదు. నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో సూళ్లూరుపేట దగ్గరి నేలపట్టుకు చాలా ఏళ్లు పిల్లలను తీసుకువెళ్లాను. కడప అనే చెట్ల మీద గూడబాతుల గూళ్లు చూపించి, పేరు చెప్పి, పులిహోర పొట్లాలు విప్పించి, సాయంత్రానికి తిరిగి తెచ్చాను. నీటిలో మునిగి ఆ చెట్టు ఎలా బతుకుతుందో నేను అడగలేదు, వారూ అడగలేదు. ఆ ఊరి మనుషుల్లో పక్షులను పుట్టినప్పటి నుంచి చూస్తున్నవారు ఉన్నారు. వారిలో ఒకరిని ముందు నడవమని కోరాలన్న ఆలోచన నాకు అప్పట్లో రాలేదు. అటవీ శాఖవారు ఆ ఊరి యువకులకు తర్ఫీదు ఇచ్చి, రోజుకు ఒక బృందం వెంట పంపే ఏర్పాటు చేస్తే, ఈ ఉత్తరంలో సగం నేలపట్టు గురించే రాసి ఉండేవాడిని.

ఈ ఉత్తరాన్ని వీలైతే మార్చిలోపు ప్రచురించవలసిందిగా కోరుతున్నాను, ఎందుకంటే పెట్టెలు సర్దుకునేది అప్పుడే. ఆవకాయ డబ్బా పక్కన ప్రతివారూ కాలు మొత్తం మూసే బూట్లు ఒక జత, పొడుగు మేజోళ్లు రెండు జతలు పెట్టుకోవాలి. ప్రెయిరీ గడ్డిలో పిడుదులు ఉంటాయి. ప్యాంటు అంచులను మేజోళ్లలోకి దోపుకుని నడవాలి, ఇంటికి రాగానే మడమల నుంచి మెడ దాకా వెతుక్కోవాలి. దిబ్బల దగ్గర మూడేసి ఆకులతో కనిపించే పాయిజన్ ఐవీ తీగను ముట్టుకోకూడదు, దాని ముందు మన దురదగొండి ఎంతో నయం. చీర కట్టుకుని బాల్డీ ఎక్కలేమని నా భార్య మరీ మరీ రాయమన్నది. ఆమె సగంలో కూర్చున్నది అందుకేనట, కాళ్ల నొప్పుల వల్ల కాదట.

భవదీయుడు,
విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకుడు,
నెల్లూరు.